ముందు చక్రంలో గూం మోత, తిప్పితే టకటక: బేరింగా, యాక్సిలా?

కొల్లేటి గట్టు | కైకలూరు

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

బండి డబుల్ క్యాబ్ డీజిల్ పికప్, పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్, అంటే మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి, లివర్ వేస్తే నాలుగూ. ముందు టోర్షన్ బార్ సస్పెన్షన్ (స్ప్రింగు బదులు మెలిపడే కడ్డీ). మొదట వచ్చిన వాక్యూమ్ లాక్ హబ్బులు తీసేసి, చేత్తో తిప్పే లాకింగ్ హబ్బులు (ముందు చక్రాన్ని యాక్సిల్ షాఫ్టుకి కలిపేవి, విడదీసేవి) పెట్టించాను. లక్షా అరవై వేలు తిరిగింది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే అసలు సంగతి పక్కకు పోయి ఏ కంపెనీ గొప్పదనే గొడవ మొదలవుతుంది.

వాడకమంతా చేపల చెరువుల మీదే. మేత బస్తాలు వేసుకుని గట్ల మీద తిరగడం, వానాకాలం రేగడి బురద, అప్పుడప్పుడు కాలవలో దిగి దాటడం. ఆ తర్వాత అదే బండి మీద భీమవరం, విజయవాడ.

బాధలు రెండు. 45 దాటగానే ముందు నుంచి గూం అని మోత మొదలవుతుంది, వేగంతో పాటు పెరుగుతుంది. 80 దగ్గర పక్కనున్న వాళ్లతో అరిచి మాట్లాడాలి. రెండోది, గట్టు మీద 'ఫోర్ లో' (నాలుగు చక్రాలూ లాగే లో గేరు) వేసి స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టక్, టక్, టక్. నేరుగా పోతుంటే రాదు.

ఊళ్లో మెకానిక్ బండిని ఒక రౌండు తిప్పి, రెండు పక్కలా బేరింగులు, రెండు యాక్సిల్ షాఫ్టులు, పనిలో పనిగా బాల్ జాయింట్లు (సస్పెన్షన్ ఆర్ములకీ చక్రం మోసే భాగానికీ మధ్య జాయింట్లు) కూడా మార్చేద్దాం అన్నాడు. ముప్పై వేల పైమాట. జాకీ మాత్రం ఎత్తలేదు. ఏది పోయిందో తెలియకుండా అన్నీ మార్చడానికి నాకు మనసొప్పడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?


హైవే రాజా | నెల్లూరు

గూం అంటే బేరింగే అన్నా. ఆలోచించేదేముంది, మార్చి పారెయ్.


ఆటోనగర్ పాతకాపు | విజయవాడ

రాజా గారూ, గూం అన్న ప్రతిదీ బేరింగే అయితే బేరింగుల కొట్లవాళ్లు ఈపాటికి మేడలు కట్టేవారు.

కైకలూరు గారూ, ముందు ఒక్కటి తేల్చుకోండి. శబ్దం వచ్చేటప్పుడు ముందు యాక్సిల్‌లో ఏమేం తిరుగుతున్నాయి? మీ బండికి చేత్తో తిప్పే హబ్బులున్నాయి కాబట్టి పైసా ఖర్చు లేని పరీక్ష మీ దగ్గరే ఉంది.

హబ్బులు రెండూ ఫ్రీలో పెట్టి, టూ హైలో (వెనక చక్రాలు మాత్రమే లాగే పొజిషన్), మోత బాగా తెలిసే రోడ్డు మీద ఒకసారి పోండి. అప్పుడు ముందు తిరిగేవి చక్రం, హబ్బు, డిస్కు, వీల్ బేరింగులు. అంతే. యాక్సిల్ షాఫ్టులు, సీవీ జాయింట్లు (స్టీరింగ్ తిప్పినా షాఫ్టు తిరిగేలా వంగే జాయింట్లు), ముందు క్రౌను (తిరుగుడుని రెండు షాఫ్టులకీ పంచే గేర్లు), ముందు ప్రొపెల్లర్ షాఫ్టు (గేరుబాక్సు వైపు నుంచి క్రౌనుకి వచ్చే కడ్డీ) అన్నీ ఆగి ఉంటాయి. తర్వాత బండి ఆపి, దిగి, హబ్బులు రెండూ లాక్ చేయండి. ఫోర్ బై ఫోర్ లివర్ ముట్టుకోవద్దు, టూ హైలోనే ఉండాలి. అదే రోడ్డు, అదే వేగం. ఈసారి చక్రాలే ఆ సామానంతా తిప్పుకుంటూ పోతాయి.

రెండుసార్లూ మోత ఒకేలా ఉంటే యాక్సిల్ జోలికి పోనక్కర్లేదు. టైరు గానీ వీల్ బేరింగు గానీ. లాక్ చేసినప్పుడే వస్తుంటే సీవీ జాయింటు, క్రౌను బేరింగు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు (దాని చివర వంగే జాయింటు) చూడాలి. ఇంకొకటి చాలామంది మరిచిపోతారు: స్టబ్ యాక్సిల్ (హబ్బు ఎక్కి తిరిగే, తాను తిరగని గొట్టం) లోపల షాఫ్టును మోసే నీడిల్ బేరింగు. కొన్ని బండ్లకు దాని బదులు బుష్షు ఉంటుంది. హబ్బు ఫ్రీగా ఉన్నంతసేపూ షాఫ్టు కదలదు కాబట్టి దానికి పనే లేదు. లాక్ చేశాకే తిరుగుడు. అక్కడ గ్రీజు ఎండిపోతే కీచుకీచుమంటుంది, ఎంతమంది చూసినా దొరకదు, చివరికి వీల్ బేరింగులు మార్చేసి పంపిస్తారు.

ఏ పక్క అని తేల్చడానికి ఒక పక్క హబ్బు మాత్రమే లాక్ చేసి, టూ హైలో నెమ్మదిగా కొద్ది దూరం పోయి వినొచ్చు. కానీ ఒక హబ్బు లాకులో, ఒకటి ఫ్రీలో ఉండగా ఫోర్ వీల్ మాత్రం వేయొద్దు.

ఇంకో ప్రశ్న. గతుకుల గట్టు మీద నుంచి తారు రోడ్డెక్కాక మొదటిసారి బ్రేకు నొక్కితే పెడల్ మామూలు కన్నా లోపలికి పోతోందా?


డెట్రాయిట్ తెలుగోడు | మిషిగన్

పాతకాపు గారి హబ్బు పరీక్ష బంగారం. దానికన్నా ముందు టైర్లు చూడమంటాను. బురద కోసం మడ్ టెరైన్ టైర్లు వేసి ఉంటారు కదా? ఆ గడులు ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లంగా అరిగితే వచ్చే మోతకీ, పోయిన బేరింగు మోతకీ తేడా పట్టడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. టైరు మీద అరచేతిని తిరిగే దిక్కున ఒకసారి, ఎదురు దిక్కున ఒకసారి రాయండి. ఒక దిక్కున నున్నగా, ఇంకో దిక్కున గడుల అంచులు చేతికి గీసుకుంటున్నట్టు తగిలితే సగం జవాబు దొరికినట్టే.

ఖాళీ రోడ్డు మీద 60లో న్యూట్రల్‌లో వేసి వదలండి, ఇంజను ఆపకుండా. ఇంజను ఆర్‌పీఎం పడిపోయినా మోత బండి వేగంతోనే ఉంటే ఇంజనూ గేరుబాక్సూ లెక్కలోంచి పోతాయి. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డుకి మారినప్పుడు మోత తీరు మారితే టైరు మీద అనుమానం పెంచుకోండి. బేరింగుకి కింద ఏ రోడ్డు ఉందో పెద్దగా పట్టదు.

చివరిగా ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి. మోత కూడా వెనక్కి పోతే బేరింగు డబ్బులు మిగిలినట్టే.


కొల్లేటి గట్టు | కైకలూరు

పాతకాపు గారూ, పెడల్ సంగతి మీకెలా తెలిసింది! అవును, గట్టు దిగాక మొదటి బ్రేకు లోపలికి పోతుంది, రెండోసారికి సరిపోతుంది. బ్రేకులో గాలి ఉందని రెండుసార్లు బ్లీడింగ్ చేయించాను. టైర్లు మడ్ టెరైన్‌వే, ముందువి గడులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఇవాళ మార్చి చూస్తాను.


ఆటోనగర్ పాతకాపు | విజయవాడ

గాలి కాదండీ. బేరింగు లూజైతే గతుకుల్లో చక్రంతో పాటు డిస్కు కూడా అటూఇటూ ఊగుతుంది, ఊగి ప్యాడ్లని వెనక్కి తోసేస్తుంది. తోసిన సందు పూడటానికే ఆ మొదటి నొక్కు. బాల్ జాయింటు లూజైతే ఇలా రాదు, ఎందుకంటే డిస్కూ, ప్యాడ్లని పట్టి ఉంచే క్యాలిపరూ కలిసే ఊగుతాయి. నా అనుమానం ఇప్పుడు బేరింగు వైపే, అయినా జాకీ ఎత్తకుండా ఖాయం చేయను.


కొత్త స్టీరింగ్ | ఖమ్మం

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నా బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. పెట్రోల్ బంకులో ఫోర్ హైలో ఉండగా బాగా తిప్పితే ముందు చక్రాలు ఎవరో పట్టి లాగినట్టు బిగుసుకుపోతున్నయి, ఎగిరెగిరి పడుతున్నయి. నాదీ యాక్సిల్ పోయినట్టేనా? టెన్షన్‌గా ఉంది.


పాడేరు ఘాట్ | పాడేరు

తమ్ముడూ, బండికేం కాలేదు. పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్‌లో ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకదానికొకటి కట్టేసినట్టే, మధ్యలో రెండిటి వేగాల తేడా సర్దే డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి. మట్టి మీదైతే టైరు కాస్త జారి సర్దుకుంటుంది. ఎండిన తారు మీద, సిమెంటు మీద జారదు, ఆ మెలి అంతా షాఫ్టుల్లో పేరుకుపోతుంది. ఇలాంటి చోట టూ హైకి వచ్చేయాలి. లివర్ బయటికి రాకపోతే తిన్నగా కొంచెం రివర్స్ పోనిస్తే వదులుతుంది. ముందు వెనక టైర్ల సైజు ఒకటేనా అన్నది కూడా చూసుకో. ముందు కొత్తవి, వెనక బాగా అరిగినవి ఉన్నా తిన్నటి రోడ్డు మీదే మెలి పడుతుంది.


కొల్లేటి గట్టు | కైకలూరు

పరీక్షలు అయ్యాయి.

హబ్బులు ఫ్రీ, హబ్బులు లాకు: మోతలో తేడా లేదు. అంటే మోతకీ యాక్సిల్‌కీ సంబంధం లేదన్నమాట. రెండు షాఫ్టుల డబ్బు ఇక్కడే ఆగింది.

టైర్లు ముందూ వెనకా మార్చాక మోత కొంత తగ్గింది, కొంత వెనక నుంచి వినపడుతోంది. కానీ ముందు ఇంకా ఉంది. ఇప్పుడు సన్నగా, గరగరమని వేరేగా తెలుస్తోంది. స్టీరింగ్ ఎడమకి తిప్పుకుంటూ పోయే పెద్ద మలుపులో పెరుగుతుంది, కుడి మలుపులో దాదాపు పోతుంది. అంటే కుడి చక్రమేనా?


ఆటోనగర్ పాతకాపు | విజయవాడ

ఎడమకి తిరిగితే బరువు కుడి మీద పడుతుంది. బరువు పడ్డప్పుడు అరిచేదే పోయిన బేరింగు. కుడి విప్పండి.


డెట్రాయిట్ తెలుగోడు | మిషిగన్

పాతకాపు గారితో చిన్న పేచీ. పదిసార్లకి ఎనిమిదిసార్లు మీరన్నదే నిజమవుతుంది, మిగతా రెండిటి కోసం చెబుతున్నాను.

ఆయన బండికి టేపర్ రోలర్ బేరింగులు (ఏటవాలు రోలర్లున్నవి), హబ్బుకి లోపలొకటి, బయటొకటి. ఎడమ మలుపులో రోడ్డు రెండు టైర్లనీ ఎడమ వైపుకే నెడుతుంది. కుడి చక్రానికి ఆ నెట్టుడు బండి లోపలి వైపుకి, అంటే కుడి హబ్బు లోపలి బేరింగు మీద పడుతుంది. ఎడమ చక్రానికి అదే నెట్టుడు బయటి వైపుకి, అంటే ఎడమ హబ్బు బయటి బేరింగు మీద. బరువు కుడి మీద ఎక్కువ కాబట్టి సాధారణంగా కుడిదే అరుస్తుంది. కానీ ఎడమ బయటి బేరింగు బాగా పోయి ఉంటే అదీ ఎడమ మలుపులోనే అరవగలదు. పైగా క్యాబిన్‌లో కూర్చుని చెవితో కుడా ఎడమా అని చెప్పడం మోసం, ఇనుప ఛాసిస్ మొత్తం మోతని మోసుకొస్తుంది.

లేజర్ టెంపరేచర్ గన్ దొరుకుతుందా? బ్రేకు తక్కువ వాడుతూ అరగంట నడిపి, ఆగగానే రెండు హబ్బుల మధ్యభాగం వేడి కొలవండి. డిస్కు మీద కాదు. బ్రేకు పట్టేసి ఉన్నా వేడెక్కుతుంది కాబట్టి, చక్రం ఎత్తాక చేత్తో సులువుగా తిరుగుతుందా అన్నదీ చూడాలి.


పాడేరు ఘాట్ | పాడేరు

గన్ సరే, జాకీ పరీక్ష ఎలా చేయాలో కూడా ఎవరైనా సరిగ్గా చెప్పాలి కదా, నేనే చెబుతాను. చాలామంది చక్రాన్ని పట్టుకుని ఊపి, కదిలింది కాబట్టి బేరింగు అనేస్తారు.

గట్టి నేల మీదే పెట్టుకోండి, చెరువు గట్టు మీద వద్దు. రేగడి నేలలో జాకీ దిగబడుతుంది. వెనక చక్రాలకి రాళ్లు వేసి, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే కింది చెయ్యి) కింద, చక్రానికి దగ్గరగా జాకీ పెట్టి ఎత్తండి. మీ టోర్షన్ బార్ లోయర్ ఆర్మ్‌కే ఉంటే అక్కడ ఎత్తితేనే కింది బాల్ జాయింటు మీద బిగువు తగ్గి దాని లూజు బయటపడుతుంది. స్టాండు తప్పనిసరి, వట్టి జాకీని నమ్మి కింద దూరొద్దు.

గడియారంలో 12, 6 ఉండే చోట టైరుని పట్టుకుని తోసి లాగండి. ఆడితే, లోపల కూర్చున్న మనిషిని బ్రేకు గట్టిగా నొక్కి పట్టమనండి. మళ్లీ ఊపండి. బ్రేకు నొక్కగానే ఆట పోతే బేరింగు. నొక్కినా ఆడుతుంటే బాల్ జాయింటు. 3, 9 దగ్గర మాత్రమే ఆడితే టై రాడ్ ఎండు (స్టీరింగ్ కడ్డీ చివరి జాయింటు). ఇంకొకరు టార్చి వేసి ఏ జాయింటు దగ్గర సందు తెరుచుకుంటుందో చూస్తే ఇంకా ఖాయం.

తర్వాత నకిల్ (హబ్బుని మోసే ఇనుప దిమ్మ) మీద ఒక చెయ్యి ఆనించి రెండో చేత్తో చక్రం మెల్లగా తిప్పండి. మంచి బేరింగు ఉన్నట్టే తెలియదు. పోయింది చేతికి గరగరా తెలుస్తుంది, చెవికి తెలియకముందే.


కొల్లేటి గట్టు | కైకలూరు

గన్ భీమవరంలో ఏసీ మెకానిక్ దగ్గర దొరికింది. ఎడమ హబ్బు 46 డిగ్రీలు, కుడి 71.

కుడి చక్రం 12, 6 దగ్గర బాగా ఆడుతోంది. మా అబ్బాయి బ్రేకు నొక్కితే పూర్తిగా ఆగిపోయింది. 3, 9 దగ్గరా ఆడింది కానీ బ్రేకు నొక్కితే అదీ పోయింది. నకిల్ మీద చెయ్యి పెడితే ఇసుక నలిగినట్టు తెలుస్తోంది. ఎడమ చక్రంలో చెప్పుకోదగ్గ ఆట లేదు. బాల్ జాయింట్లు రెండు పక్కలా గట్టిగానే ఉన్నాయి.


హైవే రాజా | నెల్లూరు

నేను మొదటే చెప్పలా, బేరింగని! 😀

ఆట ఉందంతే కదా, హబ్బు మూత తీసి నట్టు ఒక పావు తిప్పు బిగిస్తే అయిపోయె. మా దగ్గర లారీలకి అదే చేస్తారు.


ఆటోనగర్ పాతకాపు | విజయవాడ

ఆట మాత్రమే ఉండి, గరగర లేకపోతే, గ్రీజు శుభ్రంగా ఉంటే బిగించడం సరైన పనే. టేపర్ బేరింగుకున్న సుఖమే అది. కానీ 71 డిగ్రీలు, గరగర ఉన్నదాన్ని బిగిస్తే ఆట పోతుంది, మోత కూడా కొన్నాళ్లు తగ్గుతుంది, ఆ తర్వాత ఒక రాత్రి హైవే మీద కోను (బేరింగు లోపలి రింగు) స్టబ్ యాక్సిల్‌కి అతుక్కుపోతుంది. అతుక్కున్న కోనుని గ్రైండర్‌తో కోసి తీసిన బండ్లు మా షెడ్డుకి వస్తూనే ఉంటాయి. స్టబ్ యాక్సిల్ ఖరీదు కనుక్కోండి, తర్వాత బిగించే ముచ్చట మాట్లాడదాం.


కొల్లేటి గట్టు | కైకలూరు

విప్పాం. మెకానిక్‌ని మార్చాను, ఈయన పాత జీపుల మనిషి.

లాకింగ్ హబ్బు మూత తీయగానే లోపల గ్రీజు మజ్జిగలా తెల్లగా ఉంది. నట్ల మధ్య లాక్ వాషరు చెవి వంచి ఉండాల్సింది, వంచలేదు. లోపలి నట్టు చేత్తోనే తిరిగింది. బయటి బేరింగు తుడిచి చూస్తే పర్వాలేదు. లోపలి బేరింగు కడిగాక అసలు సంగతి తెలిసింది. కోను రోలర్ల మీద బూడిద రంగు మచ్చలు, కొన్ని చోట్ల పెచ్చులు లేచాయి. హబ్బులోని కప్పు (బేరింగు బయటి రింగు) మీద అడ్డంగా తుప్పు గీతలు, ఒకదానికొకటి సమాన దూరంలో. కొలిచి చూస్తే ఆ దూరం సరిగ్గా రోలరుకీ రోలరుకీ మధ్య ఉన్నంత.

నీళ్లు దూరకుండా ఆపే వెనక సీలు పెదవి గట్టిపడి చెక్కలా ఉంది. స్టబ్ యాక్సిల్ మీద సీలు రుద్దుకునే చోట గాడి పడింది, గోరు పెడితే ఆగుతోంది. కొత్త సీలు వేస్తే సరిపోతుందా?


రాణిగంజ్ బేరింగ్ | సికింద్రాబాద్

అన్నా, బేరింగుల దుకాణంలోనే పుట్టి పెరిగిన, నాలుగు మాటలు చెప్త.

ఆ సమాన దూరం గీతలు నడుస్తుంటే పడ్డవి కావు. బండి నీళ్లు తాగి, మీరు తీసుకపోయి షెడ్డుల నిలబెట్టిన్రు. రోలర్లు ఎక్కడ ఆగినయో అక్కడ నీళ్లు నిలిచి తుప్పు పట్టింది. తర్వాత నడిపినప్పుడల్లా ఆ గీతల మీద రోలర్లు ఎగిరి పెచ్చులు లేసినయి.

కోను మార్చి పాత కప్పు ఉంచుదాం అంటరు కొందరు, అస్సలు వినొద్దు. కోనూ కప్పూ ఒకే పెట్టెలయి, ఒకే కంపెనీవి ఉండాలె. పాత కప్పుని ఇత్తడి కడ్డీతో ఒక్క దిక్కే కాకుండ చుట్టూ మార్చి మార్చి కొట్టి తీయాలె. కొత్తది కొట్టేటప్పుడు చప్పుడు వినుండ్రి. మొదట మొద్దుగ డబ్ డబ్ అంటది, అడుగుకు ఆనినంక టంగ్ అని గట్టి చప్పుడొస్తది. ఆ చప్పుడు రాకముందే ఆపితే కొన్ని రోజులకు కప్పు ఇంకింత లోపలికి జరిగి మళ్లీ ఆట మొదలైతది. కప్పు చేత్తో నొక్కితేనే కూర్చుంటే మాత్రం హబ్బే పోయినట్టు.

సీలు పెదవి పాత గాడిలనే కూర్చుంటే కొత్త సీలయినా లీకే. గాడి మీద తొడిగే సన్నటి స్టీలు స్లీవులు దొరుకుతయి, మీ సైజు కొలిచి తెచ్చుకోండి. దొరకకపోతే సీలుని ఒక మిల్లీమీటరు అటో ఇటో కూర్చోబెట్టనీకి జాగా ఉందేమో చూడుండ్రి, పెదవి కొత్త చోట ఆనుతది.

పెట్టె మీద పేరు చూసి మోసపోకండి, నకిలీలు మస్తుగున్నయి. బేరింగు మీద చెక్కిన అక్షరాలు గోరుతో గీస్తే పోతే, పెట్టె మీది నంబరూ బేరింగు మీది నంబరూ కలవకపోతే వాపస్ ఇచ్చేయండి. ఎస్‌కేఎఫ్ వాళ్లకైతే ఫోటో తీసి పంపి అసలుదో కాదో అడిగే యాప్ ఉంది. బిల్లు లేకుండ కొనొద్దు.


డెట్రాయిట్ తెలుగోడు | మిషిగన్

రాణిగంజ్ గారూ, ఈ పోస్టు నేను దాచుకుంటున్నాను. ఇక్కడ చలికాలం రోడ్డు మీద చల్లే ఉప్పుతో మాకూ ఇదే గతి.

గ్రీజు గురించి ఒక్క మాట. పాతదంతా డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే కొత్తది. గాలి కొట్టి ఆరబెట్టేటప్పుడు బేరింగుని గాలితో గిర్రున తిప్పొద్దు. వేరే రకం గ్రీజు పాతదాని మీద పూస్తే కొన్ని కలిసి నీరైపోతాయి. ఉప్పునీటి చెరువులకి కూడా పోయే బండి అయితే మెరైన్ గ్రీజు, అందులోనూ కాల్షియం సల్ఫొనేట్ రకం, నీటికి బాగా ఆగుతుంది. వీల్ బేరింగుకి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉందో లేదో చూడండి. రోలర్ల మధ్యకి అరచేత్తో నొక్కి నొక్కి ఎక్కించండి, అటు చివర నుంచి బయటికి రావాలి. హబ్బు గుల్లని మాత్రం పూర్తిగా నింపొద్దు, మూడోవంతు నుంచి సగం వరకు చాలు.


ఆటోనగర్ పాతకాపు | విజయవాడ

లాకింగ్ హబ్బు లోపల అసలు నింపొద్దు. సన్నగా పూత పూస్తే చాలు. నింపితే లోపలి క్లచ్ రింగు జరగదు, లాక్ అయిందనుకుని బురదలో దిగుతారు, సగమే పట్టుకుని కరకరమంటుంది.

బిగించడం ఇలాగ. హబ్బుని చేత్తో తిప్పుతూనే లోపలి నట్టు గట్టిగా బిగించండి, రోలర్లు సర్దుకుంటాయి. తర్వాత పూర్తిగా వదిలి, మళ్లీ తేలిగ్గా బిగించండి. ఎంత అన్నది మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. కొన్నిటికి వీల్ స్టడ్డుకి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగి, హబ్బు కదలడం మొదలయ్యే బరువు చూస్తారు. అది మంచి పద్ధతి, చేతి అంచనా కన్నా నయం. తర్వాత లాక్ వాషరు, బయటి నట్టు. బయటి నట్టు బిగించాక మరోసారి తిప్పి చూడండి, చాలాసార్లు ఆ బిగువుకి లోపలిది కూడా ఇంకాస్త బిగుస్తుంది. ఆఖరికి వాషరు చెవి వంచండి. మీ పాతాయన వంచలేదు, ఫలితం చూశారుగా.

ఇంక ఆ టకటక సంగతేంటి? దాన్ని అందరం మరిచిపోయాం.


కొల్లేటి గట్టు | కైకలూరు

అది ఎడమ పక్కది. కుడి పక్క పని అయ్యాక తడి నేల మీద ఫోర్ లో, మొదటి గేరు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడిపాం. అంతా దూరంగా నిలబడి విన్నారు. ఎడమ నుంచే వస్తోంది. కింద దూరి చూస్తే ఎడమ బయటి సీవీ జాయింటు బూటు మడతలో చీలిక. పైకి కనపడదు, మడత విప్పితే వేలు దూరింది. నల్ల గ్రీజులో ఇసుక.

అయితే ఒక అనుమానం. నేను రోడ్డు మీద హబ్బులు లాక్ చేసి తిరిగినప్పుడు ఈ టకటక ఎందుకు రాలేదు?


ఆటోనగర్ పాతకాపు | విజయవాడ

టూ హైలో లాక్ చేస్తే షాఫ్టు తిరుగుతుందే గానీ బండిని లాగదు. బయటి జాయింటులో బంతులు అరిగిన గాడిలో టక్కుమని జారాలంటే రెండు కావాలి: స్టీరింగ్ వంపు, ఇంజను లాగుడు. రెండూ కలిసేది మీ గట్టు మలుపులోనే.

తిన్నగా పోతూ యాక్సిలరేటర్ తొక్కితే వణుకు, వదిలితే మాయం అయితే లోపలి జాయింటుని అనుమానించండి. గేరు వేసి కదిలేటప్పుడు ఒక్కసారి ఠంగుమంటే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులో, స్లిప్ జాయింటులో గ్రీజు ఉందో లేదో చూడండి.

షాఫ్టు మొత్తం అక్కర్లేదు. బయటి జాయింటు, బూటు కిట్టు విడిగా దొరికితే చాలు. దాంతో వచ్చే నల్ల మాలిబ్డినం గ్రీజే వాడండి, వీల్ బేరింగు గ్రీజు అందులో పెట్టొద్దు.


పాడేరు ఘాట్ | పాడేరు

నీళ్లు ఎలా దూరాయో కూడా చెప్పుకోవాలి, లేకపోతే వచ్చే వానాకాలం మళ్లీ ఇదే. రోడ్డు మీద పరిగెత్తి వేడెక్కిన హబ్బుని తిన్నగా కాలవలో దింపితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది, సీలు సందులోంచి నీళ్లని లోపలికి పీలుస్తుంది. క్రౌను హౌసింగుదీ ఇదే వరస. దాని మీద గాలి ఆడే బ్రీథర్ ఉంటుంది, బురదతో మూసుకుపోతే ఆయిల్ సీల్ దగ్గర నుంచి నీళ్లు తాగుతుంది. మేం కొండ వాగుల ముందు బండి ఆపి, టీ తాగి, హబ్బు మీద చెయ్యి పెట్టగలిగితేనే దిగుతాం. బ్రీథర్‌కి పొడుగు గొట్టం వేసి ఇంజను బే పైదాకా తీసుకెళ్లాను.

కైకలూరు గారూ, ముందు క్రౌను ఆయిల్ కూడా ఒకసారి దింపి చూడండి.


కొల్లేటి గట్టు | కైకలూరు

క్రౌను ఆయిల్ తెల్లబడి ఉంది. మార్చాం. బ్రీథర్ నిండా రేగడి మట్టి, సూదితో పొడిచినా రాలేదు, కొత్తది వేసి గొట్టం పైకి పెట్టాం.

కుడి పక్క రెండు బేరింగులూ కప్పులతో సహా కొత్తవి, స్లీవు, సీలు. ఎడమ హబ్బు విప్పితే బేరింగులు బాగానే ఉన్నాయి, కడిగి గ్రీజు పెట్టి సీలు మార్చాం. ఎడమ సీవీ బయటి జాయింటు కొత్తది. బాల్ జాయింట్లు ముట్టుకోలేదు. మొత్తం ఖర్చు మొదటి ఎస్టిమేట్‌లో సగం కూడా కాలేదు.

విజయవాడ వెళ్లొచ్చాక కొలిస్తే ఎడమ 44, కుడి 47. బ్రేకు మొదటి నొక్కుకే పడుతోంది. వెనక్కి పోయిన టైర్ల మోత అలాగే ఉంది, అవి అరిగేదాకా భరించాలి.


ఆటోనగర్ పాతకాపు | విజయవాడ

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక కుడి పక్క జాకీ ఎత్తి మళ్లీ చూడండి. కొత్త కప్పులు సర్దుకుంటే కొంచెం ఆట వస్తుంది. అప్పుడు బిగించాల్సిందే, రాజా గారు చెప్పినట్టు పావు తిప్పు కాదు గానీ.


మేడ్చల్ పికప్ | మేడ్చల్

ఇదే టాపిక్‌లో అడగొచ్చా? నాది కొత్త మోడల్ పికప్, లాకింగ్ హబ్బులు లేవు. గూం మోతతో పాటు నెమ్మదిగా ఆపేటప్పుడు ఏబీఎస్ (చక్రం బిగుసుకోకుండా చూసే బ్రేకు సిస్టమ్) దానంతటదే కొట్టుకుంటోంది, లైటు వెలుగుతోంది. గ్రీజు పెట్టించాలా?


డెట్రాయిట్ తెలుగోడు | మిషిగన్

మీది సీల్డ్ హబ్ యూనిట్ (బేరింగు, హబ్బు ఒకే ముక్కగా మూసి వచ్చేది) అయ్యే అవకాశం ఎక్కువ. అదైతే గ్రీజు పెట్టడానికి, బిగించడానికి వీలుండదు, పోతే యూనిట్ మొత్తం మార్చడమే. ఇలాంటి చాలా బండ్లలో ముందు షాఫ్టులు టూ హైలో కూడా తిరుగుతూనే ఉంటాయి, కాబట్టి పైన చెప్పిన హబ్బు పరీక్ష మీకు కుదరదు. జాకీ పరీక్ష, టెంపరేచర్ గన్ కుదురుతాయి.

ఏబీఎస్ విషయం: చక్రం వేగం చూసే సెన్సరుకీ దాని ముందు తిరిగే రింగుకీ మధ్య సందు చాలా తక్కువ. బేరింగు ఊగితే ఆ సందు మారి, చక్రం ఆగిపోయిందని ఏబీఎస్ పొరబడుతుంది. ముందు సెన్సరు కొనకి ఇనుప పొడి అంటుకుని ఉందేమో తుడిచి చూడండి, వైరు ఎక్కడైనా రాసుకుపోయిందేమో చూడండి. అక్కడితో పోతే మంచిదే. చక్రం ఊపితే ఆట తెలిస్తే మాత్రం హబ్ యూనిట్టే.

మార్చేటప్పుడు యాక్సిల్ నట్టు వదులు చేసి బండిని చక్రాల మీద కదపొద్దు. చాలా యూనిట్లలో లోపలి రింగుల్ని కలిపి పట్టి ఉంచేది ఆ నట్టు బిగువే, అది లేకుండా బరువు పడితే కొత్త బేరింగైనా పాడవుతుంది. నట్టు కొత్తది వేయండి, టార్క్ రెంచితోనే (బిగువు కొలిచే రెంచి) బిగించండి, ఎయిర్ గన్‌తో వద్దు. కొన్ని బేరింగులకి ఏబీఎస్ రింగు అయస్కాంతపు పూతతో ఉంటుంది. అలాంటిదాన్ని స్పీకరు మీదో అయస్కాంతం ఉన్న ట్రేలోనో పెట్టకండి.


మేడ్చల్ పికప్ | మేడ్చల్

సెన్సరు మీద ఇనుప పొడి ఉంది, తుడిచినా లైటు మళ్లీ వచ్చింది. ఎడమ చక్రం 12, 6 దగ్గర ఆడుతోంది, బ్రేకు నొక్కితే ఆగుతోంది. రాణిగంజ్ అన్నా, ఎడమ హబ్ యూనిట్ పార్ట్ నంబరు ఫోటో పంపుతా, ఉంటే పక్కన పెట్టు. శనివారం వస్తా.